ఆకలి లేదు

ఫ్యాక్టరీ హాస్టల్, పదకొండో గది
ఫిబ్రవరి 4

అక్కా,

చేరాను. బస్సు దిగేసరికి జోరున వాన. పెట్టె తడిసింది గానీ నేను తడవలేదు. నువ్వు కుట్టిచ్చిన కోటుకి గేటు దగ్గరే మర్యాద జరిగింది, జేబులన్నీ తిరగేసి మరీ చూశారు. ఫోను తీసుకుని చీటీ ఇచ్చారు. ఇక్కడ తయారయ్యే చిరుతిండి బార్లలో ఏ గింజ ఎంత పడుతుందో బయటికి పొక్కకూడదట. అందుకే ఇకనుంచి మనకి ఉత్తరాలే గతి.

ఆ ఉత్తరాలైనా అంటించకుండా వార్డెన్‌గారి చేతికివ్వాలి. ఆవిడ చదివి, తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది, తనే అంటించి పంపుతారు. ఇదివరకు బడిలో పాఠాలు చెప్పేవారట. (వార్డెన్‌గారూ, నమస్కారం. ఇంతవరకూ దోషాలేమీ లేవనుకుంటాను.) నీ ఉత్తరాలు మాత్రం ఎవరూ విప్పరు. నువ్వు ఏమైనా రాసుకోవచ్చు, అదృష్టవంతురాలివి.

ఇంతకీ నా పనేమిటో తెలుసా? తినడం. నిజంగానే. పన్నెండుమందిమి ఉన్నాం. ఒక్కొక్కరికి ఒక్కో గూడు, మూడువైపులా చెక్క, ఎదురుగా చిన్న కిటికీ. రంగు చూసి మోసపోకూడదని లోపల ఎర్రదీపం పెడతారు. కిటికీ తలుపు పైకి లేస్తుంది, ఒక చెయ్యి గిన్నె పెట్టి వెళ్ళిపోతుంది. గిన్నె మీద పేరుండదు, మూడంకెల నంబరు ఉంటుంది. నమలాలి, ఆలోచించాలి, కాగితం మీద కరకర ఎంత, బరక ఎంత, జిగురు ఎంత అని రాయాలి. గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలించి ఇంకో గిన్నె కోసం ఎదురుచూడాలి. కాగితం అడుగున 'ఇతర అభిప్రాయాలు' అని ఒక గీత కూడా ఉంది.

ఇక్కడ గొప్పంతా పీచుది. తవుడు, ఓట్స్, బార్లీ, ఏదో వేరు పొడి, అన్నీ అందుకే. మేనేజరుగారు మొదటిరోజే అందరినీ నిలబెట్టి, "పని సరిగ్గా చెయ్యకపోతే నార తీస్తా" అన్నారు. పీచు పెట్టే చోట నార తీస్తాననడం నాకు నవ్వొచ్చింది. నాకొక్కదానికే వచ్చింది.

నా భద్రత గురించి నువ్వు దిగులుపడక్కర్లేదు. బడి నుంచి కాలేజీ దాకా నా సర్టిఫికెట్లన్నీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఒప్పందం ఏడాదిన్నర. మధ్యలో వెళ్ళాలంటే ఇంటివాళ్ళు స్వయంగా వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. నాకు ఇరవై ఏడేళ్ళండీ అన్నాను. "అయితే ఇంకా మంచిది" అన్నారు. ఎందుకు మంచిదో అడగలేదు.

నీ పిచ్చుక


ఇల్లు, మేడ మీది వాటా
ఫిబ్రవరి 15

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కంచంలో పెట్టింది సగం వదిలేసేదానివని నీకు ఆ పేరు పెట్టాను. అలాంటిదానికి తినడమే ఉద్యోగం ఇచ్చారా! ఆ కంపెనీవాళ్ళు నన్నొక మాట అడిగి ఉండాల్సింది.

మీ వార్డెన్‌గారు తప్పులు దిద్దుతారంటే ఆవిడకి నీ దగ్గర పని ఉండదు. నా దగ్గరైతే సీసాలకి సీసాలు ఎర్రసిరా కావాలి.

బడులు తెరిచేలోగా నూటయాభై చొక్కాలు కుట్టాలి. కాలర్లే కాలర్లు. కలలోకి కూడా కాలర్లే వస్తున్నాయి. వెలుతురు చాలక మిషను కిటికీ దగ్గరికి జరిపాను, ఇప్పుడు హాయిగా ఉంది. నువ్వు పనిలో కుదురుకున్నావు కదా, అదే పదివేలు. బుద్ధిగా నములు.

అక్క


ఫ్యాక్టరీ హాస్టల్
మార్చి 9

అక్కా,

పిచ్చుక పోయింది. ఇప్పుడు నేను పీచుకని. కంగారుపడకు, మా పక్క గూడావిడ పెట్టిన పేరు ఇది. ఆవిడ నమిలితే చెక్కగోడకి ఇవతల నా పళ్ళు జివ్వుమంటాయి, అందుకని మేమంతా ఆవిణ్ణి కరకరమ్మ అంటాం. బాకీ తీర్చుకుంది.

కొత్తరకం బారు వచ్చింది. మామూలుదానికి రెట్టింపు పీచు. దాని పరీక్ష మా మీదే. పొద్దున పాలల్లో తవుడు ఫ్లేక్స్, మధ్యాహ్నం రెండు బార్లు, సాయంత్రం రెండు. మధ్యలో ఇంకేదీ నోట పెట్టకూడదు, నాలుక పాడవుతుందట. ఉడకబెట్టిన గుడ్డు వాసన కూడా ఈ గేటు దాటి లోపలికి రాదు. దవడలు నొప్పి. పొద్దున లేచి నోరు తెరిస్తే పాత తలుపులా చప్పుడవుతుంది.

దానికి తోడు కడుపు రిజిస్టరు. మరుగుదొడ్డి గోడకి తాడుతో కట్టిన పెద్ద పుస్తకం. ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్ళారు, ఎంతసేపు ఉన్నారు, ఫలితం ఏమిటి, అన్నీ మన చేత్తోనే అందరూ చూసేలా రాయాలి. నిన్న ఫలితం గడిలో కరకరమ్మ "ప్రయత్నం కొనసాగుతోంది" అని రాసింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. అసలే చెక్కలైన కడుపులు! మేనేజరుగారు వచ్చేసరికి అందరం నోళ్ళు మూసుకున్నాం. నీళ్ళు సరిగ్గా తాగకపోతే ఆ పీచంతా లోపల సిమెంటులా బిగుసుకుంటుంది. ఈ మధ్య నాకు లోపలా బయటా ఒకేలా ఉంది.

మిగతా అంతా బాగానే ఉంది. గది బాగుంది, దుప్పటి బాగుంది. ఒక్కటే సంగతి. నాకు ఆకలి లేదక్కా. పిన్ని వాళ్ళింట్లో ఉన్నప్పుడు లేదే, అలాగే ఆకలి లేదు.

నీ పిచ్చుక


ఇల్లు
మార్చి 20

పిచ్చుకా,

ఆకలి లేకపోవడమేమిటే, రోజంతా నములుతూ ఉంటే ఇంకా ఆకలెక్కణ్ణుంచి వస్తుంది? నీళ్ళు బాగా తాగు. కూర్చున్నచోటే కూర్చోకు, నాలుగడుగులు వెయ్యి. పిన్ని వాళ్ళింట్లో నీకు జ్వరం కదా, అందుకే తినలేకపోయావు. ఒళ్ళు వేడిగా ఉందేమో చూపించుకో.

కాలర్లు అరవై అయ్యాయి. కింద వాటావాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా లేదు, ఇల్లంతా ప్రశాంతంగా ఉంది.

అక్క


ఫ్యాక్టరీ హాస్టల్
ఏప్రిల్ 2

అక్కా,

జ్వరం కాదు. గుర్తు తెచ్చుకో.

నాకు ఏడేళ్ళు, నీకు ఇరవై రెండు. అమ్మ పోయిన ఏడాది. పిన్ని నన్ను తన దగ్గరే ఉంచేసుకుంటానంది. నన్ను చూడ్డానికి నువ్వు వచ్చావు. పిన్ని కంచం పెట్టింది. ఆవిడ ఎదురుగా ఇంకేమీ అనలేక ఆకలి లేదన్నాను. నువ్వు నా మొహం ఒక్కసారి చూసి, గబుక్కున లేచి నా చెప్పులు వెతికావు. ఒకటే దొరికింది. ఆ ఒక్క చెప్పుతోనే నన్ను ఇంటికి తీసుకొచ్చేశావు. ఆ తర్వాత ఎవరింట్లోనైనా సరే, నేను ఆ మాట అంటే చాలు, నువ్వు చెప్పులు వెతికేదానివి. జ్వరమట, జ్వరం!

(వార్డెన్‌గారూ, ఇవి చిన్ననాటి కబుర్లు. ఇందులో కంపెనీ రహస్యాలేమీ లేవు.)

ముప్ఫై రోజుల పరీక్ష అయిపోయింది. ఫలితాలు బాగున్నాయని ఇంకో ముప్ఫై రోజులు పెంచారు. సాయంత్రం అరగంట సేపు లోపలి గోడ చుట్టూ నడవనిస్తారు. ఒక చుట్టుకి రెండువందల పన్నెండు అడుగులు. మూలమీద మలుపు తిరిగిన ప్రతిసారీ అదే గేటు కనబడుతుంది. నిన్న అది తెరిచి ఉంది, ఓట్స్ బస్తాల లారీ లోపలికొస్తోంది. నేను ఆగి చూస్తూ నిలబడిపోయాను. కాపలా ఆయన "ఏం కావాలమ్మా?" అన్నాడు. ఏమీ వద్దన్నాను.

ఇంకో విచిత్రం. కాగితం అడుగున 'ఇతర అభిప్రాయాలు' గీత ఉందని రాశాను కదా. ఇరవై రోజులుగా నేను అక్కడ ఒకటే మాట రాస్తున్నాను, ఆకలి లేదని. ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాశాను. అది మేనేజరుగారి కంట పడింది. పిలిపించారు. ఇక నా నార తీసినట్టే అనుకున్నాను. తీరా చూస్తే మొహం వెలిగిపోతోంది. "పొద్దున తిన్నావు, మధ్యాహ్నం ఆకలి లేదు, సాయంత్రం ఆకలి లేదు. ఇంతకంటే ఏం కావాలమ్మా మనకి!" అన్నారు. రేపు నాకు ఫొటో తీస్తారట.

కిటికీ దగ్గరికి మిషను జరిపానన్నావు. కిటికీ దగ్గర నా మంచం కదా ఉండేది? అది ఎక్కడుంది?

నాకు ఆకలి లేదు.

నీ పిచ్చుక


ఇల్లు
మే 6

పిచ్చుకా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. చొక్కాలతో ఊపిరి సలపడం లేదు. ఫొటో తీశారా? మంచిదే, నలుగురికీ తెలుస్తావు. కొత్తచోటు కదా, మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది.

మంచం బాగానే ఉంది.

అక్క


ఫ్యాక్టరీ హాస్టల్
జూన్ 8

అక్కా,

నేను పెట్టె మీదికెక్కాను. కొత్త ఫ్లేక్స్ పెట్టె, కొత్త బారు అట్ట, రెండింటి మీదా నేనే. చేతిలో చెంచా పట్టుకుని నవ్వుతూ ఉంటాను. నా తల మీద ఇంతలేసి అక్షరాలతో "ఆకలి లేదు!" అని ఉంటుంది. ఆశ్చర్యార్థకం వాళ్ళు పెట్టింది. నేను ఎప్పుడూ పెట్టలేదు.

దానితో ఇంకో చిక్కొచ్చింది. పెట్టె మీద ఉన్న మనిషి బయట తిరుగుతూ ఇంకేదో తింటూ ఎవరికైనా కనబడితే కంపెనీ పరువు పోతుందట. అందుకని నాకు కొత్త ఒప్పందం, ఇంకో మూడేళ్ళకి. నెలాఖరున, అంటే ముప్ఫయ్యో తారీఖున సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఏమవుతుందని అడిగాను. "మీ సర్టిఫికెట్లు ఏ బీరువాలో ఉన్నాయో వెతకాలి, ఆఫీసులో బీరువాలు చాలా ఉన్నాయి" అన్నారు మేనేజరుగారు, ఎంతో మర్యాదగా. సంతకం అయ్యాక నన్ను ఇంకా దూరంగా ఉన్న ఫ్యాక్టరీకి పంపుతారు. అక్కడికి ఉత్తరాలు కూడా నెలకొక్కసారేనట.

కరకరమ్మ వెళ్ళిపోయింది. వాళ్ళన్నయ్య వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కడుపు రిజిస్టరులో తన ఫలితం గడిలో "విడుదల" అని రాసి మరీ వెళ్ళింది. ఇప్పుడు పక్క గూటిలో ఎవరూ నమలడం లేదు. ఎర్రదీపం కింద కూర్చుంటే నా దవడ చప్పుడు నాకే వినబడుతోంది.

ఆకలి లేదక్కా. ఆకలి లేదు. ఆకలి లేదు. ఇంకెలా రాయాలి?

నీ పిచ్చుక


ఇల్లు
జూన్ 19

పిచ్చుకా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది. ఎలా వస్తే అలాగే రాసేస్తాను.

ముందు మంచం సంగతి. విప్పేసి మెట్ల కింద పెట్టాను. నువ్వు వెళ్ళిన వారానికే. దాని చోట్లో మిషను పెట్టుకున్నాను.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నువ్వు నా ఒళ్ళోకి వచ్చావు. ఇరవయ్యేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నీ జ్వరాలూ, నీ పరీక్షలూ, నువ్వు చదువుకుంటుంటే నేను దీపం వైపు వీపు పెట్టి పడుకోవడాలూ, అన్నీ ఇష్టంగానే చేశాను. ఎప్పుడూ బరువనుకోలేదు. కానీ నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున తలుపు మూసి గడియ పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాను. లోపల నేను తప్ప ఎవరూ లేరు. నా గది, నా కిటికీ. నలభై రెండేళ్ళ మనిషిని, ఆ గడియ చప్పుడు వినడం అదే మొదటిసారి. నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను.

నీ మార్చి ఉత్తరంలో 'పిన్ని వాళ్ళింట్లో' అన్న చోటే నాకు అర్థమైంది. జ్వరమని కావాలనే రాశాను. నీకు జ్వరం లేదని నాకు తెలుసు. ఏప్రిల్‌లో నువ్వు విడమర్చి చెప్పాక కూడా తెలియనట్టే ఊరుకున్నాను. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్నాను. నిన్ను తీసుకొస్తే మంచం మళ్ళీ వెయ్యాలి కదా అనుకున్నాను. నీ అక్క అనుకున్నది అదే. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మొన్న సబ్బు కొందామని వీధి చివర దుకాణానికి వెళ్ళాను. పై అర నుంచి కింది అర దాకా నువ్వే. నలభై పెట్టెలుంటాయి. నలభై పిచ్చుకలు వరసగా నిలబడి నాతో ఆకలి లేదంటున్నాయి. అందరూ దాన్ని నవ్వనుకుంటారు. కింది పెదవి ఎడంపక్కకి లాగితే అది నీ నవ్వు కాదు, ఏడుపు ఆపుకునేటప్పటి మొహం. నాకు తెలియదా? దుకాణం ఆయన "తేలిగ్గా అరుగుతుందండీ, తీసుకోండి" అన్నాడు. సబ్బు కూడా తీసుకోకుండా వచ్చేశాను. బస్టాపు దగ్గర మళ్ళీ నువ్వు, గోడంత. మొహం తిప్పుకుందామంటే అటువైపు గోడ మీద కూడా నువ్వే.

ఇరవై తొమ్మిదిన వస్తున్నాను. వచ్చి సంతకం పెడతాను.

అక్క


ఫ్యాక్టరీ హాస్టల్
జూన్ 24

అక్కకి,

ఉత్తరం అందింది. నువ్వు రావక్కర్లేదు. ఇక్కడ నాకు అన్నివిధాలా బాగుంది. గది బాగుంది. తలుపుకి గడియ కూడా ఉంది, బయటివైపు. ముప్ఫయ్యో తారీఖున నేను సంతకం పెట్టేస్తాను.

నీ గది నువ్వే ఉంచుకో. మంచం మెట్ల కిందే ఉండనీ.

ఇప్పుడు నాకు ఆకలి బాగా వేస్తోంది.

ఇట్లు,
నీ చెల్లెలు


ఫ్యాక్టరీ గేటు, కాపలా గది బెంచీ మీద నుంచి
జూన్ 29, పొద్దున పదకొండు

పిచ్చుకా,

వచ్చాను. లోపలికి రానివ్వరట, అందుకే ఈ చీటీ. వార్డెన్‌గారు తీసుకెళ్ళి నీకిస్తానన్నారు.

నీ ఉత్తరం నా చేతిసంచిలోనే ఉంది. అందులో మూడుచోట్ల ఎర్రసిరా కనబడింది. నువ్వు జన్మలో అక్షరదోషం చేసినదానివి కాదు, ఇదేమిటా అని వెలుతురులో పెట్టి చూశాను. దోషాలు కావు. తడికి అలుక్కుపోయిన అక్షరాల మీద ఆవిడ మళ్ళీ రాశారు. ఒకటి 'మంచం'లో, రెండు 'ఆకలి'లో. ఆ ఉత్తరం నాకు చాలా బాగా అర్థమైంది. ఈసారి తెలియనట్టు ఊరుకోవడం నా చేతకాలేదు.

ఇందాక వార్డెన్‌గారు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. నా మొహం ఎగాదిగా చూసి "ఏప్రిల్‌లోనే వస్తారనుకున్నానండీ" అన్నారు. ఉత్తరాలు దిద్దే మనిషికి అప్పుడే తెలిసిందన్నమాట. ఆవిడ తెలిసీ పంపారు, నేను తెలిసీ కదల్లేదు. తల ఎత్తలేక సంతకం పెట్టేశాను. సర్టిఫికెట్లు మొదటి బీరువాలోనే ఉన్నాయి. కట్ట నా ఒళ్ళో ఉంది, లెక్క చూసుకున్నాను.

మేనేజరుగారు కూడా ఒకసారి వచ్చారు. "పెట్టె మీద బొమ్మ ఉందండీ, ఎలా పంపుతాం?" అన్నారు. "బొమ్మని ఉంచుకోండి, మనిషిని ఇవ్వండి" అన్నాను. నాకు ఇంత ధైర్యం ఉందని నాకే తెలియదు.

నిన్న సాయంత్రం మంచం వేశాను. మిషను పక్కనే ఉంటుంది, ఇద్దరం సర్దుకోవాలి. గది ఇరుకవుతుంది, నాకు అప్పుడప్పుడు విసుగొస్తుంది, నిన్ను తిడతాను కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి? తలుపుకి ఇంకో గడియ పెట్టిస్తాను, నీకు కావలసినప్పుడు నువ్వు వేసుకో. నేను మెట్ల మీద కూర్చుంటాను.

కోపముంటే దారిలో తిట్టుకుంటూ రా. చెప్పులు దొరక్కపోయినా ఫరవాలేదు.

అక్క


(రుచి పరీక్ష కాగితం వెనకవైపు)

అక్కా,

పెట్టె సర్దుతున్నాను. పది నిమిషాలు. కోపం ఇంకా ఉంది, అది కూడా సర్దుకుని తెస్తున్నాను, ఇంటికెళ్ళాక విప్పుతాను.

చెప్పులు రెండూ దొరికాయి.

ఈలోగా గేటు ఎదురుగా ఏదైనా కొట్టు ఉందేమో చూడు. మెత్తగా, వేడిగా, నమలక్కర్లేనిది ఏదున్నా సరే కొను. రెండు కొను. నిజంగానే ఆకలేస్తోంది.